ఐదో వరస నుంచి ఎనిమిదో వరస దాకా

జులై 13, ఆదివారం

ఇక్కడ తెలుగు మాట్లాడడానికి మనిషి లేడు. అందుకని రాస్తున్నాను. ఐదో తరగతితో ఆగిన చదువు, రాత వంకరటింకరగా పోతోంది. పోనీ, చదివేది నేనే.

నా పెద్దకూతురు పూజిత నన్ను దింపి మధ్యాహ్నమే వాళ్ళ ఊరు నోవై వెళ్ళిపోయింది. నాలుగు గంటల డ్రైవు. దారి పొడుగునా ఒకటే పాట. చూడాలన్నావు కాబట్టి తీసుకొస్తున్నాను, నాలుగు రోజులుండి చూడు, పనిలో మాత్రం చెయ్యి పెట్టకు అని. సరే అన్నాను.

ఈ ఫారం వేన్ అనే ఆయనది. భార్య పేరు కారల్. ఇద్దరూ అరవై దాటిన వాళ్ళు. వీళ్ళు పెంచేవి మింక్‌లు. మన ముంగిసకి చుట్టాల్లా ఉన్నాయి, కాకపోతే నల్లటి బొచ్చు, వేలు పెడితే వేలు మునిగిపోయేంత మెత్తన. ఆ బొచ్చు కోసమే పెంచుతారు, చలికాలం వచ్చాక చంపుతారు. పన్నెండు పొడవాటి షెడ్లు, వాటిని వరసలంటారు. వరసకి మూడు వందల పైచిలుకు పిల్లలు, అన్నీ వైరు బోనుల్లో.

నా చిన్నకూతురు దేదీప్య ఈ ఫారానికి డాక్టరు. మూడేళ్ళు. కిందటి జులైలో పిల్లలకి టీకాలు వేసిన మూడు రోజులూ ఇక్కడే నిలబడింది. ఈ జులైకి లేదు. ఫిబ్రవరిలో ఇంకో ఫారం నుంచి ఇంటికి వస్తుంటే ఐసు రోడ్డు మీద కారు జారి పోయింది.

పోయింది అని రాశాను. ఇదే మొదటిసారి.

వేన్ పూజితకి ఫోన్ చేసి, మీ అమ్మగారు ఇష్టపడితే ఒకసారి రమ్మనండి, ఆ అమ్మాయి మాకు నేర్పిన పని చూపిస్తాం అన్నాడట. పూజితకి ఇష్టం లేదు. చెల్లెలు వెటర్నరీ డాక్టరని అందరికీ చెప్పుకునేది కానీ ఏ జంతువులకో చెప్పేది కాదు. బొచ్చు కోట్లు కుట్టడం కోసం చంపే జంతువులకి వైద్యమేంటే అని దేదీప్య మొహం మీదే అడిగింది ఒకసారి. "ఎలాగూ చస్తాయని ఊపిరాడకుండా చావనివ్వమంటావా అక్కా?" అంది నా తల్లి. నేను పప్పులో పోపు వేస్తూ విన్నాను. నా కడుపు నిండిపోయింది.

జులై 14

పొద్దున్నే విద్య వచ్చింది. వరంగల్ పిల్ల. దేదీప్యా తనూ ఒకే గదిలో ఉండి చదువుకున్నారు, దేదీప్యని అక్కా అనేది. ఇప్పుడు యూనివర్సిటీ ల్యాబులో పని. ఈ ఫారం బాధ్యత దేదీప్య తర్వాత తన మీద పడింది. లోపలికి వెళ్ళే ముందు నాకు మాస్కు, ఒంటికి తెల్లటి తొడుగు, కాళ్ళకి రబ్బరు బూట్లు వేసి, ఆ బూట్లని మందు నీళ్ళలో ముంచమంది. మన నుంచి వాటికి జబ్బులు అంటకుండానట.

అన్నీ విప్పి చెప్పింది. రెండేళ్ళ కిందట అక్టోబరులో, సాయంత్రం శుభ్రంగా తిన్న జంతువులు తెల్లారేసరికి ముక్కు దగ్గర నెత్తురుతో పడి ఉన్నాయట. ఊపిరితిత్తుల నిండా నెత్తురు. వారంలో నాలుగు వందలు. దేదీప్య తనే కోసి చూసి, ముక్కలు ల్యాబుకి పంపి, ఇది ఫలానా సూక్ష్మజీవి తెచ్చే న్యుమోనియా అని తేల్చింది. పది వారాల వయసులో ప్రతి పిల్లకీ టీకా పడాలంది. వేన్ ఒప్పుకోలేదు. మా నాన్న వేయలేదు, నేనూ వేయను అన్నాడు. వాళ్ళ వంటింట్లో మూడు రోజులు కూర్చుని ఒప్పించిందట. కిందటి ఏడు ఆ జబ్బుతో ఒక్కటీ చావలేదు.

"చుట్టుపక్కల నాలుగు ఫారాలోళ్లు చూస్తున్నరు ఆంటీ," అంది విద్య. "ఈ ఏడు కూడా నిలబడితే అక్క పద్ధతి అందరూ పెట్టుకుంటరు. మళ్లీ నెత్తురు పడిందనుకోండి, ఆ ఇండియా అమ్మాయి చెప్పింది ఉత్తదే అంటరు. చెప్పుకోడానికి అక్క కూడా లేదు కదా."

అదీ సంగతి. నా పిల్ల పేరు ఈ పన్నెండు వరసల మీద నిలబడి ఉంది.

పది గంటలకి మొదలుపెట్టారు. రోసా అని గ్వాటెమాలా మనిషి, ఇక్కడ ఎనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. తను మందపాటి తోలు గ్లవ్స్ తొడుక్కుని పిల్లని బోనులోంచి తీసి పట్టుకుంటుంది, కారల్ గన్‌తో సూది వేస్తుంది. గన్ అంటే ఒకసారి నొక్కితే ఒక డోసు పడే సిరంజి. కారల్ ఒక్కో పిల్లకీ సారీ చెప్పి మరీ పొడుస్తోంది. అరగంట చూశాను. ఇంక నా వల్ల కాలేదు. గన్ ఇటివ్వమన్నాను.

అనపర్తి చుట్టూ కోళ్ళ ఫారాల్లో ఇరవై ఆరేళ్ళు టీకాలు వేశాను. పన్నెండుమంది ఆడవాళ్ళ గ్యాంగుకి మేస్త్రిని. పిల్లల షెడ్డే మాది. పెద్ద కోళ్ళకి నూనె మందు, అంటే నూనెలో కలిపిన టీకా, వేసే గ్యాంగు వేరే ఉండేది. కంట్లో చుక్క, రెక్కలో పోటు, మెడ వెనక సూది, ఏదైనా సరే నా చేతి కింద పిల్ల కుయ్ మనేది కాదు. మీ ఆయన పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఎలా చదివించావమ్మా అని ఎవరన్నా అడిగితే చెయ్యి చూపించేదాన్ని.

ఈ పిల్లలు కోడిపిల్లల్లా కాదు, పాముల్లా మెలికలు తిరుగుతాయి. అయినా పదో పిల్లకల్లా చేతికి పట్టు దొరికింది. ముందుకాలు వెనక వదులు చర్మం కింద ఒకే పోటు. మధ్యాహ్నానికి వేన్ తన గన్ ఆపి నన్నే చూస్తూ నిలబడ్డాడు. విద్య ఫోన్‌లో వీడియో తీసింది. సాయంత్రానికి నాలుగు వరసలు అయిపోయాయి.

విద్య రేపు రాదు, ల్యాబులో పనుందట. వెళ్తూ వెళ్తూ, అక్క చెప్పినట్టు ప్రతి వరసకీ ఏ సీసా వాడారో నంబరు రాయించండి, మందు చల్లగా ఉంచండి అంది. చల్లగా ఉంచడం నాకు చెప్పాలా? ఇరవై ఆరేళ్ళలో నా చేతి కింద ఒక్క సీసా వేడెక్కలేదు. నడి మేలో కూడా.

కారల్ ఫ్రిజ్ నాకు నచ్చలేదు. అందులోనే పాలు, అందులోనే పళ్ళు, నిమిషానికోసారి తలుపు తీస్తారు. రేపటికి కావలసిన ఆరు సీసాలూ తీసి, థర్మాకోల్ డబ్బాలో మన పద్ధతిలో కిందా పైనా ఐసు పేర్చి పెట్టాను. జంతువుల మేత గడ్డ కట్టించే పెద్ద ఫ్రీజర్ ఒకటుంది ఇక్కడ, అందులో ప్లాస్టిక్ ఐసు పలకలు దొరికాయి. రాయిలా ఉన్నాయి. మంచి ఐసు.

జులై 15

పదమూడు వందల నలభై. ఐదో వరస నుంచి ఎనిమిదో వరస దాకా. ఒక్క రోజులో.

నేనూ రోసా ఒక జత, వేన్, కారల్ ఒక జత. వాళ్ళు నాలుగు వందలు దాటలేదు. మిగతాదంతా మేమే. రోసాకి నా మాట రాదు, నాకు తన మాట రాదు, మధ్యాహ్నం తన రొట్టెలో సగం నాకు పెట్టింది, నా ఆవకాయ తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని మళ్ళీ చెయ్యి చాపింది.

పొద్దున కాస్త ఇబ్బంది అయింది. మందు చిక్కబడి ఉంది. రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్ది, గోరువెచ్చని నీళ్ళలో ఉంచితే పలచబడింది. అడుగున సున్నంలా పేరుకుంటే బాగా కుదిపాను. సూది నాలుగైదుసార్లు అడ్డుపడింది. కంపెనీల వాళ్ళు ఈమధ్య సరుకు ఎలా పడితే అలా తయారుచేస్తున్నారు.

దేదీప్య తొమ్మిదేళ్ళప్పుడు సెలవుల్లో నాతో షెడ్డుకి వచ్చేది. కోడిపిల్లని గుప్పిట్లో పట్టుకుని, "అమ్మా, ఈ మందేస్తే ఇది చావదా?" అంది. ఈ జబ్బుతో చావదు అన్నాను. "మరే జబ్బుతో చస్తుంది?" జబ్బు లేకుండానే చస్తుందే, కోసుకుతింటారు అన్నాను. చాలాసేపు ఆలోచించి, అయితే అప్పటిదాకా బాగుంటుంది కదా అంది.

అప్పటిదాకా బాగుండడం. నా పిల్ల డాక్టరు చదువంతా ఆ మాటలో ఉంది.

జులై 16

తొమ్మిది నుంచి పన్నెండు వరసలు అయ్యాయి. మొత్తం పూర్తి. ఈ రోజు సీసాలు ఫ్రిజ్‌లోంచే తీశాం. థర్మాకోల్ డబ్బా మూత సరిగా పడడం లేదు, అందుకని.

వేన్ నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏదో అన్నాడు. ఫోన్‌లో తర్జుమా చేసి వినిపించాడు. ఇంత వేగం, ఇంత శుభ్రం నేను చూడలేదు, మీ అమ్మాయికి ఇదెక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది అని. ఆ మాట ఇంకోసారి పెట్టించుకుని విన్నాను.

జులై 17

డబ్బా మూత బాగానే పడుతోంది. ఇప్పుడే చూశాను.

జులై 18

పూజిత రేపు వచ్చి తీసుకెళ్తానంది. ఇంకో వారం ఉంటానన్నాను. కారల్ పప్పుచారు నేర్పమని అడుగుతోంది, బాగుండదు అన్నాను.

కారల్ అడగలేదు.

జులై 19

చెత్త పడేయడానికి వెళ్తే టీకా మందు వచ్చిన అట్టపెట్టె కనిపించింది. పక్కన ఒక బొమ్మ ఉంది. మంచు పువ్వు, దాని మీద అడ్డంగా ఎర్ర గీత. ఇంగ్లీషు రానివాళ్ళ కోసమే వేస్తారు అలాంటి బొమ్మలు. గడ్డ కట్టనివ్వొద్దని. నేనది 14వ తారీఖునే, సీసాలు తీసేటప్పుడే చూశాను. చల్లగా ఉంచమని అనుకున్నాను. గీతని చూడలేదు.

చూడలేదా?

ఐదు నుంచి ఎనిమిది వరకూ పొద్దునోసారి, సాయంత్రం ఓసారి తిరుగుతున్నాను. పిల్లలు హాయిగా ఉన్నాయి. ఎగురుతున్నాయి, కరుచుకుంటున్నాయి, మేత బోను పైన పెట్టడం ఆలస్యం, మూతులు పైకెత్తి లాగేస్తున్నాయి. ఏమీ కాలేదు వాటికి.

ఏమీ కాకపోవడమే కదా సంగతి. జబ్బు వచ్చేది అక్టోబరులో.

జులై 20, ఆదివారం

విద్యకి ఫోన్ చేశాను. తిన్నావా, పడుకున్నావా అని అటూ ఇటూ మాట్లాడి, మా ఊళ్ళో మా గ్యాంగు పిల్లొకతె ఉంది, మందు గడ్డ కడితే కరిగించి వేసిందట, ఏమన్నా అవుతుందా అని అడిగాను.

ఏ మందు ఆంటీ అంది. కోళ్ళదే అన్నాను. కోళ్ళకి చాలావాటికి సూక్ష్మజీవి బతికే ఉన్న మందు ఇస్తారట, అది చల్లదనం ఎంతున్నా తట్టుకుంటుందట. "అదే మన మింక్‌లకు ఇచ్చే సొంటిది సూక్ష్మజీవిని చంపి చేసిన మందు. ఒక్కసారి ఫ్రీజ్ అయిందంటే అందులో పనిచేసేదంతా విరిగి అడుగుకు పోతది. తర్వాత ఎంత కుదిపినా నీళ్లు పొడిచినట్టే." అంతలోనే, "ఎందుకు ఆంటీ గట్ల అడుగుతున్నరు?" అంది.

ఊరికే అన్నాను.

మా ఊరి ఐసు వేరు. కరుగుతూ ఉండే ఐసు. అందులో రాత్రంతా సీసా పెట్టినా చల్లబడుతుందే కానీ గడ్డ కట్టదు. ఇక్కడి పలకలు ఆ పెద్ద ఫ్రీజర్లోంచి రాయిలా వచ్చాయి, పక్కనున్న దాన్ని కూడా రాయిని చేశాయి. నేను చేసింది ఇరవై ఆరేళ్ళు చేసినదే. ఒక్క పిసరు తేడా లేదు. అందుకే తప్పింది.

ఐసుని నమ్మాను. అది ఏం చేస్తుందో ఫిబ్రవరిలో చూసి కూడా.

జులై 21

పూజితకి చెప్పాను.

తర్వాత అంతా ఇంగ్లీషులోనే. లయబిలిటీ అంది, ఇన్షూరెన్స్ అంది, సూ చేస్తారు, కోర్టుకి లాగుతారు అంది. అసలు నీ చేతికి గన్ ఇవ్వడం వాళ్ళ తప్పు, నువ్వు గెస్ట్‌వి అంది. "చెప్పకమ్మా. అక్టోబరులో ఏమీ రాకపోవచ్చు కూడా. రేపు వచ్చేస్తాను, సామాను సర్దుకో."

వస్తే, అన్నాను. వస్తే ఆ పద్ధతి పనిచేయలేదంటారు. దేదీప్య చెప్పింది ఉత్తదే అంటారు.

"అంటే అననీ. దానికి ఇప్పుడు పోయేదేముంది అమ్మా?"

ఆ మాట అని అదే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అది చెడ్డది కాదు. చెల్లెల్ని చూడడానికి హాస్పిటల్లోకి ఒక్కతే వెళ్ళి, నన్ను వెళ్ళనివ్వని పిల్ల అది. ఇప్పుడు నన్ను కూడా అలాగే అడ్డుపడి కాపాడదామనుకుంటోంది.

కానీ పోయేదేముంది అంటే, పేరుంది. దాని దగ్గర మిగిలింది అదొక్కటే. నాకైతే పేరుతో పాటు తినడానికి అన్నం, పడుకోవడానికి మంచం, తిట్టడానికి ఒక కూతురు ఉన్నాయి.

రేపు రావద్దన్నాను. చెప్పాక రమ్మన్నాను.

జులై 22

చెప్పలేదు. వాన.

జులై 23

చెప్పేశాను.

ముందు విద్యకి చెప్పాను. మా గ్యాంగు పిల్ల ఎవరూ లేదు, నేనే అన్నాను. "నేను రెండో రోజు గూడ ఉండాల్సింది ఆంటీ" అంది. తను కూడా ఆ తప్పుని నా మీద నుంచి తీసేయబోయింది. తీయనివ్వలేదు. నువ్వు చల్లగా ఉంచమన్నావు, గడ్డ కట్టించమనలేదు, ఇప్పుడు నేను తెలుగులో చెప్పేది చెప్పినట్టు ఆయనకి ఇంగ్లీషులో చెప్పు, మెత్తబరచకు అన్నాను.

వంటింటి బల్ల మీద ఫోన్ పెట్టి, వేన్‌నీ కారల్‌నీ కూర్చోబెట్టాను. నేను నిలబడే చెప్పాను. ఐదు నుంచి ఎనిమిది వరసలకి పడింది పాడైన మందు. పాడు చేసింది నేను. మందు చిక్కబడినప్పుడే నాకు అనుమానం వచ్చింది, అయినా వేశాను, ఎందుకంటే నాకు తెలియని టీకా ఉందని ఒప్పుకోలేకపోయాను. ఎనిమిది రోజులు దాచాను. అక్టోబరులో ఆ వరసల్లో నెత్తురు పడితే అది నా కూతురు పద్ధతి తప్పు కాదు. ఆ నాలుగు వరసల్లో దాని పద్ధతి జరగనే లేదు.

విద్య మొత్తం చెప్పింది. నాకు ఇంగ్లీషు రాకపోయినా వాక్యాలు లెక్క పెట్టుకున్నాను. ఏదీ వదల్లేదు.

వేన్ మొహం ఎర్రబడింది. లేచి బయటికి వెళ్ళాడు. కారల్ నా వైపు చూడలేదు. తర్వాత ఆయన షెడ్డులోంచి రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టి తిప్పాడు. వరస, దాని ఎదురుగా సీసా నంబరు. ఐదు నుంచి ఎనిమిది వరకూ ఆరు నంబర్లు. వాటి కింద ఒక్కోదానికీ వేలు పెట్టి నన్ను చూశాడు. అవే అన్నాను.

ఈ నంబర్లు రాయడం తనకి తలనొప్పిగా ఉండేదట. డాక్టర్ డితో, అంటే దేదీప్యతో, రోజూ గొడవపడేవాడట. ఇది రాసి ఉండకపోతే ఇప్పుడు పన్నెండు వరసలకీ మళ్ళీ వేయాల్సి వచ్చేది, ఆమె వల్ల నాలుగుతో పోయింది అన్నాడు. విద్య అది తెలుగులో చెప్పింది. అమ్మ తప్పు చేస్తుందని తెలిసినట్టు ముందే దారి కట్టి పెట్టింది.

అయితే ఆయన అక్కడితో ఆగలేదు. ఇకమీదట మందు డబ్బా నేను ముట్టుకోకూడదు, గన్ కూడా పట్టుకోకూడదు అన్నాడు. నా మొహం చూస్తూనే అన్నాడు. మేస్త్రిగా నేనైతే అంతకన్నా గట్టిగా అనేదాన్ని. నా గ్యాంగులో ఎవరన్నా ఎనిమిది రోజులు దాచి ఉంటే షెడ్డు గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదు.

సరే అన్నాను. మళ్ళీ వేసేటప్పుడు పట్టుకోవడానికి మనిషి కావాలి కదా, నేను పట్టుకుంటాను అన్నాను. తల ఊపాడు.

జులై 24

పూజిత ఫోన్. సూ చేస్తామన్నారా అని అడిగింది. లేదు, గ్లవ్స్ ఇచ్చారు అన్నాను.

ఆగస్టు 1

మళ్ళీ వేస్తే పిల్లలకి ప్రమాదం లేదని విద్య కంపెనీ వాళ్ళని అడిగి తెలుసుకుంది. కొత్త సీసాలు నిన్న వచ్చాయి. కారల్ ఫ్రిజ్‌లో పాలూ పళ్ళూ తీసేసి మధ్య అరలో పెట్టింది, పక్కన చిన్న థర్మామీటరు పెట్టింది. నేను వంటింటి గుమ్మం దాటి లోపలికి వెళ్ళలేదు.

ఈ రోజు రోసా చేతిలో గన్, నా చేతికి గ్లవ్స్. పొడవడం తను నా చేతిని చూసే నేర్చుకుంది, ఇప్పుడు నేను పట్టుకుంటే తను పొడుస్తోంది. ఐదో వరస సగం అయ్యేదాకా నాకు మెడ ఎత్తబుద్ధి కాలేదు. తర్వాత అదే ఎత్తుకుంది. ఎందుకంటే పట్టుకోవడంలో కూడా నన్ను మించినవాళ్ళు ఈ ఫారంలో లేరు. బోను తలుపు తీయడం, మెడ వెనక ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి, ముందుకాలు పక్కకి. రోసా సూది తీసేలోపు ఇంకోటి సిద్ధం. తను నవ్వుతూ నెమ్మది, నెమ్మది అని వాళ్ళ భాషలో అంటూనే ఉంది. ఆ మాట అర్థం కావడానికి తర్జుమా అక్కర్లేదు.

తోలు దాటి ఒకటి కరిచింది. బొటనవేలి దగ్గర. విద్య మందు రాసి కట్టు కడుతూ, "అక్కకు గూడ గాటు ఇక్కడనే ఉండేది ఆంటీ, ఇట్లనే" అంది.

నాకు తెలియదు. ఆ చెయ్యి ఎన్నిసార్లు పట్టుకుని ఉంటాను, ఎప్పుడూ చూడలేదు. ఏమైందే అని అడిగితే ఏమీ లేదమ్మా అని ఉంటుంది. నేనూ పూజితకి అలాగే చెప్పాను సాయంత్రం.

ఏడో వరస దాకా అయింది.

ఆగస్టు 2

ఎనిమిదో వరస పూర్తి. మొత్తం పదమూడు వందల ముప్ఫై ఎనిమిది. రెండు పిల్లలు మధ్యలో వేరే కారణంతో పోయాయి, కారల్ రిజిస్టరు చూపించింది.

రిజిస్టరులో కారల్ ఏం రాసిందో విద్యని చదవమన్నాను. మొదటిసారి వేసిన మందు గడ్డ కట్టింది, కాబట్టి రెండోసారి వేశాం అని ఉందట. ఎవరు గడ్డ కట్టించారో రాయలేదా అన్నాను. మర్యాదకి వదిలేశారు ఆంటీ అంది. రాయమన్నాను. ఊరికే మందు గడ్డ కట్టింది అంటే రేపు ఎవరైనా చదివి డాక్టరు చూసుకోలేదు అనుకుంటారు. కారల్ నన్ను చూసింది, పెన్ను తీసి రాసింది. అక్షరాలు ఎన్నో ఉన్నాయి. నా పేరు ఇంగ్లీషులో అంత పొడుగని తెలియదు.

ఆగస్టు 3, ఆదివారం

నోవై వచ్చేశాను. పూజిత కారులో ఏమీ అనలేదు. సగం దారిలో ఆపి కాఫీ కొనిచ్చింది. కట్టు ఉన్న చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది కాసేపు.

సెప్టెంబరు 23

నిన్న దేదీప్య పుట్టినరోజు. పూజిత, నేను పాయసం చేశాం. ఎవరం తినలేదు. ఈ రోజు తిన్నాం.

అక్టోబరు 6

ఆకులు రంగు మారాయి. చలి మొదలైంది. ఇదే కాలం.

పొద్దున్నే కారల్‌కి ఒక మెసేజ్ పెడుతున్నాను. మాటలేమీ ఉండవు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది అని అంకెలు. తను ఎదురుగా చచ్చినవి ఎన్నో పెడుతుంది, అన్నీ సున్నాలే.

అక్టోబరు 15

ఏడో వరస ఎదురుగా ఒకటి అని వచ్చింది.

పళ్ళు తోముకుంటున్నదాన్ని అలాగే కూర్చుండిపోయాను. పూజిత ఆఫీస్ మీటింగు వదిలేసి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. విద్యకి ఫోన్ చేసింది. దాన్ని కోసి ల్యాబుకి పంపించారట.

అక్టోబరు 16

ఇంకా తెలియలేదు.

అక్టోబరు 17

ఆ జబ్బు కాదు. బోనులో కొట్లాడుకుంటే మెడ కింద గాయమై చీము పట్టింది. ఊపిరితిత్తులు శుభ్రంగా, గులాబీ రంగులో ఉన్నాయంది విద్య.

ఆ రంగు నేను కోళ్ళలో చూశాను. ఆరోగ్యంగా ఉన్నదాన్ని కోస్తే కనపడే రంగు. ఈ రోజంతా అదే తలుచుకున్నాను.

నవంబరు 9, ఆదివారం

అయిపోయింది. కాలం దాటింది, ఇంక ఈ ఏడు రాదని విద్య చెప్పింది. పన్నెండు వరసల్లోనూ ఆ జబ్బుతో ఒక్కటీ పోలేదు. వాటి అసలు రోజులు వచ్చే నెల వస్తాయి, అది నాకు తెలుసు. అప్పటిదాకా బాగున్నాయి.

టీకాలు వేయించని ఒక ఫారంలో మాత్రం నెత్తురు పడిందట. నాలుగు ఫారాల వాళ్ళూ నిన్న వేన్ ఇంట్లో కూర్చుని విద్య చేత అంతా చెప్పించుకున్నారు. వచ్చే జులై నుంచి అందరూ వేయిస్తారు.

పూజిత విద్యతో మాట్లాడి మొహం ముడుచుకుని వచ్చింది. వేన్ వాళ్ళందరికీ నా సంగతి కూడా చెప్పాడట. మందు ఎలా ఉంచాలో చెప్పేటప్పుడల్లా నన్నే చెప్తారట, ఇలా గడ్డ కట్టించకండి అని. విద్య కూడా ల్యాబులో కొత్తగా వచ్చే పిల్లలకి అదే చెప్తోందట.

"నీకేం అనిపించడం లేదా అమ్మా? ఊరూరా నీ తప్పు చెప్పుకుంటున్నారు. ఇంక ఎన్నేళ్ళు చెప్తారో."

నన్నేమని చెప్తున్నారట అని అడిగాను. లీలావతి అంటే వాళ్ళకి నోరు తిరగదు కదా.

"డాక్టర్ దేదీప్య వాళ్ళమ్మ అని."

"అయితే చెప్పనీ," అన్నాను. "ఎన్నేళ్ళయినా."